శనివారం గానుగ ఆపిన ఊళ్లు

మహారాష్ట్రలో అలీబాగ్ చుట్టుపక్కల, సముద్రం ఒడ్డున ఉన్న కొంకణ్ పల్లెల్లో నూనె తీసేవాళ్లు ఒకప్పుడు రెండు రకాలుగా ఉండేవాళ్లు. ఒక వర్గం సోమవారం గానుగ ఆపేది. వాళ్లు హిందువులు. రెండో వర్గం శనివారం ఆపేది. ఊళ్లోవాళ్లు వీళ్లను 'శనివార్ తేలీ' అని పిలిచేవాళ్లు. తేలీ అంటే నూనె తీసేవాడు. వీళ్లు మరాఠీ మాట్లాడేవాళ్లు, చీరలు కట్టేవాళ్లు, పెళ్లికి మంగళసూత్రం వేసుకునేవాళ్లు, చుట్టుపక్కలవాళ్ల మనసు నొప్పించకుండా గొడ్డుమాంసం ముట్టేవాళ్లు కాదు. చూడ్డానికి తేడా ఏమీ ఉండదు, ఆ శనివారం ఒక్కటి తప్ప.

వాళ్లే బెనె ఇజ్రాయెల్, అంటే ఇశ్రాయేలు సంతతి. భారతదేశంలోని యూదుల్లో అందరికంటే ఎక్కువ సంఖ్య వాళ్లదే. వందల ఏళ్లపాటు వాళ్లకు మత గురువైన రబ్బీ లేడు, పవిత్ర గ్రంథమైన తోరా లేదు, హీబ్రూ మర్చిపోయారు. మిగిలినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మగపిల్లాడికి ఎనిమిదో రోజున సున్నతి, శనివారం విశ్రాంతి, కొన్ని ఉపవాసాలు, చేపల విషయంలో ఒక నియమం, ఒకే ఒక్క ప్రార్థన వాక్యం. బైబిల్లోని ద్వితీయోపదేశకాండంలో 'ఇశ్రాయేలూ వినుము' అని మొదలయ్యే ఆ వాక్యం పుట్టుకకీ పెళ్లికీ చావుకీ కూడా వాళ్లకు అదే. మిగతా మంత్రమేదీ రాదు కాబట్టి అన్ని చోట్లా దాన్నే చెప్పుకున్నారు.

యూదుతనం అంటే ఏమిటి అన్న ప్రశ్నకు మామూలుగా మూడు జవాబులు వినిపిస్తాయి. అది వంశం అంటారు కొందరు. అది మతం అంటారు ఇంకొందరు. కాదు, అది ఒక సంస్కృతి, తిండి, పాట, భాష, జ్ఞాపకం అంటారు మరికొందరు. ఈ మూడింటిలో ఏది అసలైనది అని వాదించుకుంటూ పోతే తెగదు. కొంకణ్ పల్లెల కథ చూస్తే ఆ వాదనే తప్పుగా మొదలైందని తెలుస్తుంది. అక్కడ వంశ చరిత్ర ఒక కథగా మాత్రమే మిగిలింది, మతం సగానికి పైగా చెరిగిపోయింది, సంస్కృతి దాదాపు పూర్తిగా మరాఠీ అయిపోయింది. అయినా తాము ఎవరో వాళ్లు మర్చిపోలేదు. ఎలా?

ముందు వంశ కథ. పూర్వం ఎప్పుడో ఒక ఓడ నవ్‌గావ్ దగ్గర బద్దలైందని, ఏడుగురు మగవాళ్లు, ఏడుగురు ఆడవాళ్లు ప్రాణాలతో ఒడ్డుకు చేరారని, అలల్లో కొట్టుకొచ్చిన శవాలను అక్కడే పాతిపెట్టారని వాళ్లు చెప్పుకుంటారు. ఆ శ్మశానం దగ్గర ఇప్పుడు ఒక స్మారక స్తంభం ఉంది. ఓడ ఎక్కడినుంచి వచ్చింది, ఏ శతాబ్దంలో వచ్చింది అన్నదానికి రాతపూర్వక ఆధారం ఏదీ దొరకలేదు. ఒక పరోక్ష వాదన మాత్రం ఉంది. క్రీస్తు పూర్వం రెండో శతాబ్దంలో యెరూషలేము దేవాలయాన్ని తిరిగి ప్రతిష్ఠించిన సంఘటనకు గుర్తుగా యూదులు హనుక్కా పండుగ చేసుకుంటారు. బెనె ఇజ్రాయెల్‌కు ఆ పండుగ తెలియదు. కాబట్టి అంతకుముందే పూర్వికులు ఆ దేశం విడిచి ఉంటారని వాళ్ల పెద్దలు అనేవాళ్లు. ఆలోచించదగ్గ మాటే గానీ, రుజువు కాదు. ఎన్నో ఇతర పండుగలు మర్చిపోయినవాళ్లు దీన్నీ మర్చిపోయి ఉండొచ్చు.

కాలం గడిచాక జన్యు పరీక్షలు వచ్చాయి. 2016లో వెలువడిన ఒక పరిశోధన బెనె ఇజ్రాయెల్ జన్యువుల్లో మధ్యప్రాచ్యపు యూదుల వారసత్వమూ, స్థానిక భారతీయుల వారసత్వమూ రెండూ కలిసి ఉన్నాయని చూపించింది. అంటే తమ పూర్వికులు బయటినుంచి వచ్చారన్న మాట వట్టి కల్పన కాదు. అలాగని వాళ్లది ఎవరితోనూ కలవని స్వచ్ఛమైన రక్తమూ కాదు. నిజానికి ప్రపంచంలో ఏ యూదు సమాజానికీ అలాంటి స్వచ్ఛత లేదు. దావీదు రాజుకు ముత్తవ్వ అయిన రూతు మోయాబు దేశపు పిల్ల. 'నీ జనమే నా జనము, నీ దేవుడే నా దేవుడు' అని అత్తగారితో అని, ఆ జనంలో కలిసిపోయింది. యూదుల అతి గొప్ప రాజవంశమే బయటినుంచి వచ్చిన కోడలితో మొదలైందని వాళ్ల గ్రంథమే చెబుతుంటే, రక్తం ఒక్కదాన్నే పట్టుకుని కూర్చోవడంలో అర్థం లేదు.

ఇక చేపల సంగతి. దావీద్ రహబీ అనే వర్తకుడు కొంకణ్ వచ్చి ఈ జనాన్ని చూశాడని బెనె ఇజ్రాయెల్ చెప్పుకుంటారు. ఆయన కాలం గురించి చరిత్రకారుల్లో ఏకాభిప్రాయం లేదు. పద్దెనిమిదో శతాబ్దపు కొచ్చిన్ రహబీ కుటుంబానికి చెందినవాడని చాలామంది అంటారు. వీళ్లు నిజంగా యూదులేనా అన్న అనుమానం ఆయనకు వచ్చింది. పత్రాలు అడగలేదు, వంశవృక్షం అడగలేదు. రకరకాల చేపలు తెప్పించి ఆడవాళ్ల చేతికిచ్చి వండమన్నాడు. వాళ్లు బుట్టలోంచి రెక్కలూ పొలుసులూ ఉన్న చేపలు ఏరి ఒక పక్కన పెట్టి, అవి లేనివాటిని తీసి పడేశారు. మా ఇళ్లలో ఇవి తినం అన్నారు. తోరా ఆజ్ఞ కూడా అక్షరాలా అదే. వాళ్లలో ఒక్కరు కూడా ఆ గ్రంథం చదివి ఉండలేదు.

ఈ కథలో ఎంత చరిత్ర, ఎంత కల్పన అన్నది అలా ఉంచితే, ఒక సమాజం తన గురించి ఇలాంటి కథ చెప్పుకోవడమే గమనించాలి. పరీక్షకు నిలబడింది పండితుడు కాదు, చేపలు కడుగుతున్న ఆడవాళ్లు. గ్రంథం పోయినా చేతికి అలవాటు మిగిలింది. వంటింట్లో తల్లి దగ్గర కూతురు నేర్చుకున్నదే గొలుసుకట్టుగా వచ్చింది. అంటే ఇక్కడ వంశమూ, మతమూ, సంస్కృతీ మూడూ ఒకే బుట్టలో ఉన్నాయి. ఏది ఎక్కడ ముగిసి ఏది మొదలైందో గీత గీసి చెప్పడం కుదరదు.

పండుగల పేర్లు చూసినా ఇదే. హీబ్రూ పేర్లు పోయాయి కానీ పండుగలు మరాఠీ పేర్లతో నిలిచాయి. కొత్త సంవత్సరం 'నవ్యాచా సణ్' అయింది. పాపాలకు క్షమాపణ వేడుకుంటూ ఉపవాసం ఉండే యోమ్ కిప్పూర్ 'దర్ఫాళ్నీచా సణ్' అయింది, అంటే తలుపులు మూసుకునే పండుగ. ఆ రోజు ఇళ్లకు తలుపులు వేసుకుని లోపలే ఉండిపోయేవాళ్లు. దేవాలయం కూలిన దినాన్ని తలచుకునే సంతాప దినానికి ఆ రోజు వండే చిక్కుడు జాతి పప్పు కూర మీదుగా 'బిర్ద్యాచా సణ్' అనే పేరు వచ్చింది. దేని గురించి ఏడుస్తున్నారో మర్చిపోయినా, ఆ రోజు ఏం వండాలో గుర్తుంది.

మలీదా అనే మొక్కు గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి. ప్రపంచంలో మరే యూదు సమాజంలోనూ ఈ మొక్కు లేదు. పెళ్లి కుదిరినా, జబ్బు నయమైనా, ఉద్యోగం వచ్చినా, కొత్త ఇల్లు కట్టినా ఏలీయా ప్రవక్తకు మొక్కు చెల్లిస్తారు. ఒక పెద్ద పళ్లెంలో తడిపిన అటుకులు పోసి, కొబ్బరి కోరు, పంచదార, యాలకులు, కిస్‌మిస్ కలుపుతారు. చుట్టూ పళ్లు పెడతారు. మగవాళ్లు చుట్టూ చేరి హీబ్రూలో ఏలీయా మీద పాట పాడతారు. తర్వాత అందరికీ పంచుతారు. తెలుగువాళ్లకు ఆ పళ్లెం చూస్తే సత్యనారాయణ వ్రతం ప్రసాదం గుర్తొస్తుంది. మలీదా అన్న పేరు పర్షియన్ మాట, కొంకణీ ముస్లింలు దర్గాల దగ్గర ఇదే పేరుతో మలీదా పంచుతారు. ఏలీయా మాత్రం బైబిల్ ప్రవక్త. అలీబాగ్ దగ్గర ఖండాలా అనే పల్లెలో ఒక రాతి మీది గుర్తులను చూపించి, ఏలీయా రథం ఇక్కడినుంచే పైకెళ్లిందని నమ్ముతారు. ఆ ప్రవక్త పరలోకానికి వెళ్తూ తమ ఊరి రాయి మీద కాలు మోపాడని నమ్మేవాళ్లను పరాయివాళ్లు అనడం ఎలా కుదురుతుంది?

వాళ్ల ఇంటిపేర్లు కూడా ఊళ్లను అంటిపెట్టుకునే ఉన్నాయి. కేహిమ్ ఊరివాళ్లు కేహిమ్కర్, దివే ఊరివాళ్లు దివేకర్, చేవుల్ వాళ్లు చేవుల్కర్. పాత హిందీ సినిమాల్లో డేవిడ్ అనే పేరుతో కనిపించే నటుడి పూర్తి పేరు డేవిడ్ అబ్రహాం చేవుల్కర్. ఆ పేరులో మొదటి రెండు మాటలు బైబిలువి, మూడోది రాయగఢ్ జిల్లాలోని ఒక రేవు ఊరు. తెనాలి, కొడవటిగంటి అంటే ఇంటిపేరులోనే ఊరు వినిపించినట్టు, వాళ్లకూ అంతే.

చేపల పరీక్ష పెట్టిన రహబీయే బెనె ఇజ్రాయెల్‌లో కొందరికి హీబ్రూ ప్రార్థనలు నేర్పాడంటారు. 1796లో ఈస్టిండియా కంపెనీ సైన్యంలో పనిచేసిన సామ్యూల్ ఎజెకీల్ దివేకర్ బొంబాయిలో వాళ్ల మొదటి ప్రార్థనా మందిరం కట్టించాడు. టిప్పు సుల్తాన్ చేతికి ఖైదీగా చిక్కి ప్రాణాలతో బయటపడినందుకు కృతజ్ఞతగా కట్టించాడని చెబుతారు. దాని పేరు హీబ్రూలో 'కరుణాద్వారం' అనే అర్థం ఇస్తుంది. అక్కడినుంచి కథ వేగం పుంజుకుంది. 1937 నాటికి బొంబాయి మేయర్‌గా డాక్టర్ ఎలిజా మోజెస్ ఉన్నాడు. ఆయన పేరుతో ముంబైలో ఇప్పటికీ రోడ్డు ఉంది.

1948లో ఇజ్రాయెల్ ఏర్పడ్డాక వేలమంది అక్కడికి వెళ్లారు. ఇన్ని వందల ఏళ్లు శనివారాన్ని కాపాడుకుని వచ్చినవాళ్లకు అక్కడ ఎదురైన మొదటి ప్రశ్న ఏమిటంటే, మీరు యూదులేనా అని. పెళ్లికి దరఖాస్తు చేస్తే, తల్లి వైపు, ఆమె తల్లి వైపు వెనక్కి ఎంత దూరం వీలైతే అంత దూరం వివరాలు విచారించాలని 1960ల మొదట్లో అక్కడి ప్రధాన రబ్బీల కార్యాలయం ఆదేశించింది. ఆ అభ్యంతరం వెనక ఉన్న లెక్క తెలుసుకోవాలి. యూదు ధర్మశాస్త్రం ప్రకారం భర్త రాతపూర్వకంగా విడాకుల పత్రం ఇవ్వకుండా భార్య మళ్లీ పెళ్లి చేసుకుంటే, ఆ రెండో పెళ్లికి పుట్టిన పిల్లలు ఇతర యూదులను పెళ్లాడకూడదు. ఈ మచ్చ తరతరాలకూ పాకుతుంది. బెనె ఇజ్రాయెల్‌కు ఆ విడాకుల చట్టం వందల ఏళ్లు తెలియదు కాబట్టి, ఎక్కడో ఒక చోట అలా జరిగి ఉంటుందేమో అని రబ్బీల అనుమానం. విడాకులివ్వని, వితంతువులకు మళ్లీ పెళ్లి చేయని హిందువుల ఆచారాన్నే తామూ పాటించామని, అసలు ఆ ప్రశ్నే రాదని బెనె ఇజ్రాయెల్ జవాబు. ఊరి ఆచారం పాటించడమే యూదుతనానికి రక్షణ అయిందన్న ఈ వాదన చాలా గట్టిది.

వాళ్లు ఊరుకోలేదు. 1964లో యెరూషలేములో ధర్నాకు కూర్చున్నారు. అదే ఏడాది ఆగస్టులో ఇజ్రాయెల్ పార్లమెంటు వాళ్లను అన్ని విధాలా యూదులుగా, ఇతర యూదులతో సమాన హక్కులున్నవాళ్లుగా ప్రకటించింది. బెనె ఇజ్రాయెల్ అని పేరు పెట్టి ఇచ్చిన ఆదేశాన్ని రబ్బీలు మార్చుకోవాల్సి వచ్చింది. న్యాయం జరిగింది. కానీ జనాన్ని తలెత్తుకోనివ్వకుండా అడిగిన ఆ ప్రశ్న చేసిన గాయం తీర్మానంతో పోయేది కాదు.

ఇలాంటి ప్రశ్న బయటివాళ్లే వేస్తారనుకుంటే పొరపాటు. కొచ్చిన్ యూదుల దగ్గర క్రీస్తు శకం 1000 ప్రాంతంలో కేరళ రాజు భాస్కర రవివర్మ జోసెఫ్ రబ్బాన్ అనే యూదు పెద్దకు హక్కులు ధారపోస్తూ ఇచ్చిన రాగి ఫలకాలున్నాయి. ఇంతకంటే గట్టి వంశ పత్రం ఏ సమాజానికి దొరుకుతుంది? అయినా మట్టాంచేరిలో 1568లో కట్టిన పరదేశి మందిరంలో, బానిసత్వం నుంచి విడుదలైనవాళ్ల సంతతికి లోపల సమానంగా కూర్చునే హక్కు లేకుండా చాలాకాలం నడిచింది. వాళ్లలో ఒకడైన ఏబీ సాలెం అనే న్యాయవాది ఇరవయ్యో శతాబ్దంలో ఆ మందిరంలోనే సత్యాగ్రహం చేశాడు. ఆయన్ను యూదు గాంధీ అన్నారు. కులం గాలి తగిలిన చోట ధర్మశాస్త్రం కూడా మెట్లు కట్టుకుంది.

ఇప్పటి చట్టం లెక్క కూడా చిక్కుగానే ఉంది. ధర్మశాస్త్రం ప్రకారం యూదు తల్లికి పుట్టాలి, లేదా పద్ధతి ప్రకారం మతం స్వీకరించాలి. 1950లో వచ్చిన ఇజ్రాయెల్ 'తిరిగి రాక' చట్టానికి 1970లో చేసిన సవరణ దాదాపు ఇదే నిర్వచనాన్ని రాసుకుంది, కానీ వలస వచ్చే హక్కును యూదుల పిల్లలకు, మనవలకు, వాళ్ల భార్యాభర్తలకు కూడా ఇచ్చింది. ఫలితంగా తాతగారు ఒక్కరే యూదుడైన కుర్రవాడు ఆ దేశ పౌరుడు కావచ్చు, సైన్యంలో చేరొచ్చు. పెళ్లి దగ్గరికొచ్చేసరికి రబ్బీల కార్యాలయం నువ్వు యూదుడివి కాదంటుంది. ఆ దేశంలో రిజిస్టర్ పెళ్లి లేదు కాబట్టి చాలామంది సైప్రస్‌కో మరో చోటికో పోయి చేసుకుని వస్తారు. పాత సోవియట్ దేశాలనుంచి వచ్చిన లక్షలమంది ఈ ఇరకాటంలోనే ఉన్నారు. అక్కడ వాళ్ల తాతల గుర్తింపు కార్డు మీద జాతి అన్న గడిలో యూదుడు అని రాసి, అందుకే ఉద్యోగాలు, సీట్లు రాకుండా చేశారు. వంశం పేరుతో దెబ్బలు తిన్నవాడికి, ఇక్కడికొచ్చాక వంశం చాలదని చెప్పడం ఎంత అన్యాయమో చెప్పక్కర్లేదు.

పోర్చుగల్‌లో బెల్మోంతె అనే కొండ ఊరిది మరో దారి. 1497లో ఆ దేశపు యూదులందరికీ బలవంతంగా బాప్తిస్మం ఇప్పించారు. బెల్మోంతెలో కొన్ని కుటుంబాలు బయటికి క్రైస్తవులుగా ఉంటూ, లోపల రహస్యంగా నియమాలు పాటించాయి. శుక్రవారం సాయంత్రం దీపం వెలుతురు బయటికి కనపడకుండా వెలిగించేవాళ్లు. పస్కా పండుగను చర్చి విచారణాధికారులు కాపలా కాసే రోజున కాకుండా కొన్నాళ్లు ఆగి చేసుకునేవాళ్లు. ప్రార్థనలు కంఠతా వచ్చింది ఆడవాళ్లకే. 1917లో సామ్యూల్ ష్వార్జ్ అనే గనుల ఇంజనీరు అక్కడికి వెళ్లి నేను యూదుణ్ని అంటే నమ్మలేదు. ఆయన 'ఇశ్రాయేలూ వినుము' చదివాడు. హీబ్రూ మాటలు వాళ్లకు అర్థం కాలేదు, కానీ దేవుణ్ని పిలిచే 'అదోనాయ్' అనే ఒక్క మాట చెవిన పడింది. అది విన్నాక ఆయన్ను తమవాడిగా ఒప్పుకున్నారు. గమనిస్తే అటు కొంకణ్‌లో హీబ్రూలో చివరిదాకా నిలిచింది ఆ ఒక్క వాక్యమైతే, ఇటు పోర్చుగల్‌లో నిలిచింది అందులోని ఒక్క మాట.

ఇదంతా మనకు దూరపు సంగతి అనుకోనక్కర్లేదు. గుంటూరు జిల్లా చేబ్రోలు మండలంలో కొత్తరెడ్డిపాలెం అనే ఊరుంది. అక్కడ కొన్ని పదుల కుటుంబాలు తమను బెనె ఎఫ్రాయిమ్ అని చెప్పుకుంటాయి. అంటే క్రీస్తు పూర్వం 722 ప్రాంతంలో అష్షూరు రాజులు చెదరగొట్టిన ఉత్తర రాజ్యపు గోత్రాల్లో ఎఫ్రాయిము సంతతి. మచిలీపట్నంలోనూ కొందరున్నారు. వీళ్లు మాదిగ కుటుంబాల నుంచి వచ్చినవాళ్లు, వీళ్ల పెద్దలు క్రైస్తవం పుచ్చుకున్నారు. 1980ల చివర్లో ఇద్దరు అన్నదమ్ముల చొరవతో యూదు మతం వైపు తిరిగారు. 1990ల మొదట్లో చిన్న ప్రార్థనా మందిరం కట్టుకున్నారు. చనిపోయినవాళ్లను పూడ్చిపెట్టడం వంటి తమ పాత ఆచారాలు ఇశ్రాయేలు నుంచి వచ్చినవేనని, తెలుగు మాటల్లో హీబ్రూ పోలికలున్నాయని వాళ్ల వాదన.

ఈ వాదన విన్నవాళ్లు చాలామంది చెప్పేది ఒకటే, ఇజ్రాయెల్ వీసా కోసం, లేదా కులం మచ్చ పోగొట్టుకోవడం కోసం అని. ఈ మాట అనేముందు ఒక లెక్క చూడాలి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, ఆ తర్వాతి సవరణల ప్రకారం ఎస్సీ హోదా హిందూ, సిక్కు, బౌద్ధ మతాలవారికే. కాగితాల మీద యూదు అని రాయించుకుంటే రిజర్వేషన్ పోతుంది. ఇజ్రాయెల్ నుంచి గుర్తింపూ రాలేదు. మిజోరం, మణిపూర్‌లలోని బెనె మెనాషె అనే సమాజాన్ని 2005లో ఇజ్రాయెల్ ప్రధాన రబ్బీల్లో ఒకరు ఇశ్రాయేలు సంతతిగా ఒప్పుకున్నా, వాళ్లు కూడా పద్ధతి ప్రకారం మతం స్వీకరించాకే పౌరులవుతున్నారు. కొత్తరెడ్డిపాలేనికి అంతమాత్రం కూడా దక్కలేదు. లాభం చూసుకునేవాళ్లు ముప్పై ఏళ్లకు పైగా ఇలాంటి బేరంలో కూర్చుంటారా?

ఎఫ్రాయిము సంతతి అన్న మాటకు చరిత్ర ఆధారం లేదు. ఇది నేరుగానే చెప్పాలి. భాషల పోలికలతో అంత దూరపు చుట్టరికం నిలబడదు. కానీ అంటరానితనం కింద నలిగిన జనం తమకు ఇంకో పుట్టుక కథ వెతుక్కోవడాన్ని చిన్నచూపు చూడకూడదు. కొంకణ్ ఓడకు కూడా కాగితం లేదు. అక్కడ జన్యువుల్లో ఒక ఆనవాలు దొరికింది, ఇక్కడ దొరకలేదు. ఈ తేడా నిజమే. అయితే యూదు ధర్మశాస్త్రం లోపలే రూతు నడిచిన రెండో తలుపు తెరిచి ఉంది. వంశం నిరూపించక్కర్లేకుండా, నియమాలు నేర్చుకుని, న్యాయపీఠం ముందు ఒప్పుకుని లోపలికి వచ్చే దారి అది. కొత్తరెడ్డిపాలెం వాళ్లను అడగాల్సింది రెండువేల ఏడువందల ఏళ్ల కిందటి తాత ఎవరని కాదు. ఈ శనివారం ఏం చేశారని.

వాళ్లు శనివారం పని మానుకుని మందిరానికి వెళ్తారు. ప్రార్థనలో హీబ్రూ ఉంటుంది, తెలుగూ ఉంటుంది. ఊళ్లో కూలికి వెళ్లి బతికే ఇళ్లకు వారంలో ఒక రోజు పని వదులుకోవడమంటే ఆ రోజు డబ్బు వదులుకోవడమే. కొంకణ్‌లో హీబ్రూ నేర్చుకోవడం మొదలయ్యాక సమాన హక్కుల ప్రకటన రావడానికి సుమారు రెండు వందల ఏళ్లు పట్టింది. ఇక్కడ ఇంకా రెండో తరం, మూడో తరం నడుస్తోంది. మందిరం కట్టాక పుట్టిన పిల్లలు ఇప్పుడు పెద్దవాళ్లయి, పెళ్లిళ్లు చేసుకునే వయసుకు వచ్చారు. శుక్రవారం పొద్దుగూకేసరికి దీపం పెట్టడం వాళ్ల దృష్టిలో కొత్తగా పుచ్చుకున్న మతం కాదు. చిన్నప్పటినుంచీ అమ్మ చేస్తుండగా చూసిన పని.